మనిషికి 600 రాండ్ల పెళ్లి షో: వెళ్లకండి

కేప్‌టౌన్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, నమాక్వాలాండ్ ఎడారిలో పూసే పూలు చూద్దామని ఎన్7 రోడ్డు పట్టుకుని ఉత్తరానికి బయల్దేరాం. పూలు బాగున్నాయి, రోడ్డూ బాగుంది. నా కడుపుమంటంతా స్ప్రింగ్‌బాక్‌లో దిగిన లాడ్జి మీదే.

పూల సీజన్ అంటూ గదికి రాత్రికి 1,450 రాండ్లు లాగారు. గీజర్ పనిచేయలేదు. పైగా 'ఖోయ్ (ఇక్కడి ఆదివాసులు) సంప్రదాయ వివాహం' అని మనిషికి 600. వెళ్తే హాల్లో ప్లాస్టిక్ చాపల గుడిసె, నలుగురు కుర్రాళ్ల గంతులు, ఫొటోలు, అయిపోయింది! పెళ్లికూతురి వాళ్లు ఏం చేస్తారని అడిగితే యాంకర్ నవ్వి ఊరుకున్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వం అనేశారు. టికెట్లు బుక్ చేసిన పాపానికి ఆ రాత్రి మావాడికి వాళ్లమ్మ చేతిలో మూడింది.

మర్నాడు పోర్ట్ నోలోత్ మీదుగా కూబూస్ వెళ్లాం. దాదాపు 300 కిలోమీటర్లు, చివర్లో కంకర రోడ్డు. ఇది రిఖ్టర్స్‌వెల్డ్‌లో నామాల ఊరు. ఖోయ్‌ఖోయ్‌లలో (లాడ్జివాళ్లు చెప్పిన ఖోయ్‌లే) నామాలు ఒక శాఖ. ఇక్కడి ప్రాంతానికి 2007లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక పెద్దావిడ ఇంట్లో మేకమాంసం, నిప్పుల మీద కాల్చిన రొట్టె పెట్టారు. మనిషికి 150 రాండ్లు. రొట్టె పైన కరకర, లోపల దూది. మా ఆవిడ మూడు తిని, అప్పుడు నవ్వింది.

పెళ్లి సంగతి అక్కడే తెలిసింది. ఆ పెద్దావిడ చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులోకి మార్చింది. అబ్బాయి తరఫువాళ్లు పిల్లను అడగడానికి వస్తే వెంటనే ఒప్పుకోరట. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, తిప్పి తిప్పి పంపుతారు. కుదిరాక రెండిళ్ల మీదా తెల్లజెండా కడతారు. పెళ్లయ్యాక కూడా దాన్ని దించరు, గాలికి చిరిగి పోవాల్సిందే. పిల్లను పెంచినందుకు అల్లుడు అత్తగారికి దూడతో సహా ఆవును ఇవ్వాలి. వంచిన కర్రల మీద చాపలు కప్పి కట్టే ఇల్లు భార్యదే. ఇప్పుడు పెళ్లిళ్లు ఎక్కువగా చర్చిలోనే జరుగుతున్నాయి.

"మన దగ్గర అత్తగారికి ఆవు ఇమ్మనండి చూద్దాం, ఎదురు కారు అడుగుతారు" అంది మా ఆవిడ. ఇంతలో పెద్దావిడ మావాడి వైపు తిరిగి "నీకు ఆవు ఉందా?" అని అడిగింది. వాడు సిగ్గుతో బయటికి పోయాడు.

వెళ్లేవాళ్లు పోర్ట్ నోలోత్‌లోనే పెట్రోల్ ఫుల్ చేయించుకోండి, చేతిలో నోట్లు ఉంచుకోండి. ఎత్తుగా ఉండే కారే అద్దెకు తీసుకోండి. సీజన్‌లో స్ప్రింగ్‌బాక్ తప్ప గతి లేదంటే నమ్మకండి. తిరుగు ప్రయాణంలో పోర్ట్ నోలోత్‌లో సముద్రం పక్కనే 900కి గది దొరికింది, వేడినీళ్లతో సహా.