జావా దీవిలో నాలుగు రాత్రులు, 105 యూరోల కోపం

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే ఎక్కడ దిగాలని విజయవాడలో మా కృష్ణలంకలో ఇప్పటికే ముగ్గురు అడిగారు. ఆ ఊళ్లోనే ఉన్న జావా దీవి తప్పకుండా చూడండి. అక్కడ అద్దె ఇంట్లో మాత్రం కాగితాలు చూసుకోకుండా దిగకండి.

మా చిన్నాడు అదే దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్లో చదువుతున్నాడు. వాడి గదిలో వాడికే కాళ్లు చాపుకునే చోటు లేదు. అందుకని పోయిన మే నెలలో మా వారు, నేను, అత్తయ్య ఆన్‌లైన్‌లో ఒక 'కాలువ పక్క ఇల్లు' మాట్లాడుకున్నాం. రాత్రికి 210 యూరోలు. ఫొటోల్లో ముద్దొచ్చేలా ఉంది. తీరా వెళ్తే నాలుగున్నర మీటర్ల వెడల్పున్న ఇల్లు, మా గది పైన నాలుగో అంతస్తులో, మెట్లేమో అటక నిచ్చెనలా నిలువుగా! అత్తయ్యకు 72 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగాయి. కింద నిలబడి పైకి ఒకసారి చూసి, "దుర్గమ్మ కొండకైనా బస్సుంది కదమ్మా" అంది.

ఇంటాయన తాళాలిస్తూ మూడు మాటలు చెప్పాడు. క్లీనింగ్‌కి 75 వేరే. టూరిస్ట్ ట్యాక్స్ 12.5 శాతం, అంటే 105 యూరోలు, నగదుగా ఇవ్వాలి. ఎవరైనా వచ్చి అడిగితే మీరు నా స్నేహితులని చెప్పండి. ఈ మూడోది వినగానే నాకు అనుమానం వచ్చింది. సాయంత్రం మా వాడొచ్చి అసలు సంగతి చెప్పాడు. ఇంటిని అలా అద్దెకివ్వాలంటే నగరపాలక సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరుండాలట, ప్రకటనలో అది కనబడాలట, అదీ ఏడాదికి 30 రాత్రులేనట. మా ప్రకటనలో నంబరే లేదు. మరి మా 105, అంటే దాదాపు 10,000 రూపాయలు, ఏ ఖజానాకు చేరినట్టు? మా వారికి ఒకటే టెన్షన్. బెల్లు మోగితే ఉలిక్కిపడేవారు. పార్శిల్ తెచ్చిన కుర్రాడికి కూడా "ఫ్రెండ్స్, ఫ్రెండ్స్" అని చెప్పి పంపారు.

మ్యూజియాలు, పడవ షికారు అందరూ చూసేవే. నేను చెప్పాల్సింది ఈ దీవుల గురించి.

జావా దీవి, దాన్ని ఆనుకుని కేఎన్ఎస్ఎమ్ దీవి, ఒకప్పుడు ఓడల రేవులు. ఆ రెండో పేరు 1856లో పెట్టిన ఒక స్టీమర్ కంపెనీది. 1970ల చివరికి ఓడల పని అక్కడ అయిపోయింది. ఖాళీ గోదాముల్లో కళాకారులు, ఇల్లు లేనివాళ్లు చేరారు. 1990ల్లో ఊరు మళ్లీ కట్టారు. జావా దీవికి అడ్డంగా నాలుగు కొత్త కాలువలు తవ్వి, వాటి గట్ల మీద సన్నటి ఇళ్లు వేయడానికి 19 మంది కుర్ర ఆర్కిటెక్టులకు పని పంచారు. అందుకే పక్కపక్కనున్న ఇళ్లు ఒకలా ఉండవు. మా మెట్లు గీసిన మహానుభావుడు వాళ్లలో ఎవరో!

పక్కనే బోర్నియో దీవిలో ఒక వీధిలో 60 ఇళ్లు, ఎవరి స్థలంలో వాళ్లు నచ్చినట్టు కట్టుకున్నవి. వెనక గుమ్మం తీస్తే నీళ్లే. ఒక పిల్లాడు ఇంట్లోంచి తువ్వాలుతో వచ్చి, దాన్ని గడప మీద పడేసి, దబ్బున దూకాడు. అత్తయ్య గట్టు మీద కూర్చుని, పొద్దున మూట కట్టిన పులిహోర తింటూ చాలాసేపు చూసింది. ఎదురుగా 2001 నాటి ఎర్ర వంతెన, మెలికలు తిరిగిన పాములా. దానికీ మెట్లే, అందుకని ఎక్కనంది.

"ఇలా కడితే వరదొస్తే?" అంది చివరికి. మొన్న 2024 సెప్టెంబరులో మమ్మల్ని కృష్ణ ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ కాపాడింది గానీ, బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌లో మా ఆడపడుచు ఇంటి ఫ్రిజ్జు నీళ్లలో తేలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నీటికి రెండు వైపులా లాకులున్నాయి, తూర్పున ఉన్నవి 1872 నాటివి. ఎక్కువైన నీటిని తోడి పోస్తారు, మట్టం పెద్దగా మారదు. మా వారు ఇదంతా వివరిస్తే, "అయితే మన గేట్లు కూడా వాళ్లనే చూడమనరాదూ" అంది.

సెంట్రల్ స్టేషన్ నుంచి 26 నంబరు ట్రామ్ ఎక్కి రీట్లాండ్‌పార్క్‌లో దిగండి, అక్కణ్ణుంచి నడకే. అవతలి ఒడ్డుకు తిప్పే ప్రభుత్వ పడవలకు టికెట్ లేదు, భవానీ ద్వీపం లాంచీలా జేబు తడుముకోనక్కర్లేదు. బస మాత్రం లిఫ్టున్న హోటల్లోనే చూసుకోండి.

మేమిచ్చిన 200 యూరోల డిపాజిట్ మూడు వారాలకు వచ్చింది, 40 కోసి. మెట్ల గోడ మీద పసుపు మరకట. ఫొటో కూడా పంపాడు. అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి, అత్తయ్యవే.