ఆర్‌వీ టాప్ మీద 12 వోల్టుల ఏసీ: రెండు ఎండాకాలాలు వాడాక నా మాట

రెండు ఎండాకాలాలు వాడి, మధ్యలో ఒకసారి వైరింగంతా పీకించి మళ్ళీ వేయించుకుని మరీ రాస్తున్న రివ్యూ ఇది, కాబట్టి డబ్బా విప్పిన రోజే ఐదు స్టార్లు కొట్టేసే టైపు కాదు. వస్తువేంటంటే, ఆర్‌వీ (లోపలే పడకా వంటా ఉండే ఇల్లులాంటి బండి) టాప్ మీద 14 అంగుళాల చదరపు కన్నంలో కూర్చునే ఏసీ, 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా నడుస్తుంది, మధ్యలో ఇన్వర్టర్ అక్కర్లేదు. కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే పడ్డ తిప్పల్లో సగం వాళ్ళ వల్ల, సగం నా అతితెలివి వల్ల.

అసలు ఎందుకు కొన్నానంటే, బండితో వచ్చిన పాత ఏసీ 13,500 బీటీయూది (ఏసీ ఎంత చల్లబరుస్తుందో చెప్పే కొలత). కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంపులో దానికి తిరుగులేదు. ప్లగ్గు లేని చోటికి పోతే మాత్రం అది నడుస్తున్నంతసేపూ 1500 వాట్లు తింటుంది, కంప్రెసర్ లేచే ఆ అర సెకను అయితే దానికి మూడు నాలుగింతలు లాగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ ఝట్కా తగ్గుతుందన్నారు, పెట్టించాం, తగ్గింది కూడా, కానీ లేచేటప్పుడు నెమ్మదిగా లేచినంత మాత్రాన 1500 కాస్తా 500 అయిపోవు కదా. ఇక జనరేటర్. చాలా క్యాంపుల్లో రాత్రి జనరేటర్ ఆపేయాలి, ఆపకపోయినా ఆ పొగ కిటికీలోంచి లోపలికొస్తే ప్రాణానికే ముప్పు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. ఆ చప్పుడు కింద నిద్రపోయేకన్నా ఇంట్లోనే పడుకోవచ్చు.

ఈ 12 వోల్టుల దాంట్లో కంప్రెసర్ వేగం మారుతుంది, అదే దీని అసలు గొప్ప. పాతది ఆన్ అయితే ఫుల్లు, లేకపోతే సున్నా. ఇది గది చల్లబడ్డాక తనే నెమ్మదిస్తుంది. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఫుల్ మీద 55 ఆంపియర్లు, అంటే 700 వాట్లు, తక్కువ మీద 22 ఆంపియర్లు, దాదాపు 285 వాట్లు. డబ్బా మీద పెద్దక్షరాలతో "రాత్రంతా చల్లదనం" అని రాశారు. రాత్రంతా అంటే ఎవరి రాత్రో రాయలేదు.

మొదటి ట్రిప్పులో మా రాత్రి రెండూ నలభైకి అయిపోయింది. పక్కన పాప "అమ్మా, ఉక్కగా ఉందే" అని లేపితే తెలిసింది ఏసీ ఆగిపోయిందని. డిస్‌ప్లే మీద ఏదో ఎర్రర్ కోడ్ మిణుకుమిణుకుమంటోంది, పుస్తకం తీసి చూస్తే లో వోల్టేజ్. మా ఆయన "బ్యాటరీ అయిపోయుంటుందిలే, పడుకో" అన్నాడు. ఫోన్‌లో బ్యాటరీ యాప్ తెరిస్తే ఇంకా 45 శాతం చూపిస్తోంది, 12.8 వోల్టులు! ఆ టైంలో టార్చి పట్టుకుని మంచం కింద దూరి కేబుల్ తడిమితే బ్యాటరీ వైపు పర్వాలేదు గానీ, పైన ఏసీ వైపు లగ్గు (కేబుల్ కొసకి నొక్కి బిగించే లోహపు ముక్క) పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను, ఎర్ర ఇన్సులేషన్ మెత్తబడి బబుల్‌గమ్‌లా అయ్యుంది, కమురు వాసన. ఇంకో గంట నడిచుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సంగతేంటంటే డబ్బాలో వాళ్ళిచ్చిన కేబుల్ 10 స్క్వేర్ ఎంఎం, అంటే లోపలి రాగి అడ్డకోత వైశాల్యం అంతే. మా బ్యాటరీ నుంచి టాప్ దాకా వైరు దారి 5 మీటర్లు, పోను రాను 10 మీటర్లు. రాగికి లెక్కేస్తే 50 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది, దానికి తోడు ఆ సరిగ్గా నొక్కని లగ్గు దగ్గర ఇంకో అర వోల్టు. బ్యాటరీ 12.8 ఇస్తుంటే ఏసీకి చేరేది 11.4. పాపం అది తన వరకూ కరెక్టుగానే ఆగిపోయింది. ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఒక వోల్టు పోతే ఎవరికి పట్టింది, 12లో ఒకటి పోవడమంటే జీతంలో పన్నెండో వంతు కోసినట్టే. కస్టమర్ కేర్ వాళ్ళు మొదట బ్యాటరీ మార్చమన్నారు, ఫోటోలు పంపితే నాలుగు రోజులకి "మీ దూరానికి పెద్ద కేబుల్ వాడాల్సింది" అన్నారు. ఆ ముక్క ఏదో డబ్బా మీద రాసి చావొచ్చుగా! ఆ లగ్గు నొక్కింది మాత్రం నేనే, పట్టకారుతో, కాబట్టి ఆ అర వోల్టు నా ఖాతా. తర్వాత 50 స్క్వేర్ ఎంఎం వేయించాం, లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాం, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టించాం, ఇప్పుడు దారిలో పోయేది 0.2 కన్నా తక్కువే. అప్పట్నుంచి ఆ ఎర్రర్ మళ్ళీ కనబడలేదు.

సరే, వైరు బాగైంది, ఇక హాయిగా ఉండొచ్చనుకున్నాను. అసలు లెక్క అప్పుడు మొదలైంది. మాకున్నవి రెండు లిథియం బ్యాటరీలు, ఎల్‌ఎఫ్‌పీవి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం), ఒక్కోటి 200 ఆంపియర్ అవర్లు, రెండూ కలిపి 5120 వాట్ అవర్లు. రాత్రి తొమ్మిదింటికి ఆన్ చేస్తే మొదటి గంట ఫుల్లు మీద 700, తర్వాత ఎనిమిది గంటలు తక్కువ మీద, మొత్తం 3000 దాకా ఏసీకే. ఫ్రిజ్జు, లైట్లు, ఫోన్లు, నీళ్ళ పంపు కలిపి ఇంకో 700. టాప్ మీద 600 వాట్ల ప్యానెళ్ళున్నాయి కదా అంటారా, 600 అని రాసుంటుంది అంతే. పడుకోబెట్టి బిగించిన ప్యానెళ్ళు, పైగా ఎండలో అవి 60 డిగ్రీలు దాటి కాలుతుంటాయి, 25 దాటాక ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం చొప్పున తగ్గుతూ పోతాయి, మిట్టమధ్యాహ్నం కూడా నేను 450 దాటి చూసింది లేదు. రోజంతా కలిపి 2300 వస్తే గొప్ప. ఖర్చు 3700, రాబడి 2300, కాబట్టి మొదటి రాత్రి మహారాజులం, రెండో రాత్రి మధ్యతరగతి, మూడో రాత్రి తెల్లారకముందే చేతులెత్తేయడం. అమ్మేవాళ్ళు మొదటి రాత్రి కథే చెప్తారు.

మూడో రాత్రి కూడా గడవాలంటే ఇంకో బ్యాటరీ కొనాలేమో అనుకున్నాను గానీ దాంతో ఇంకో రాత్రి నెట్టుకొస్తాం అంతే, బ్యాటరీ ఎంత పెద్దదైనా రోజూ పోసే నీళ్ళు అవే కదా. మాకు పనిచేసింది లోపలికి వేడి రాకుండా ఆపడం. బండి గోడలు పల్చన, కిటికీలు ఒక్క పొర అద్దం, చిల్లుకుండలో నీళ్ళు పోస్తూ కుండని తిట్టినట్టుంది మా యవ్వారం. ముందద్దానికి బయట నుంచి కవరు వేశాం (లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది, బయట వేస్తే దాటదు), కిటికీల్లోకి వెండి రంగు బబుల్ షీటు కోసి ఇరికించాం, టాప్ మీద వెలుతురు కన్నానికి ఒక ఫోమ్ దిండు. పడక వైపు మందపాటి కర్టెన్ ఒకటి అడ్డంగా వేసి ఆ సగమే చల్లబరుస్తున్నాం, బండంతా చల్లబరచడం దీనివల్ల కాదు, దాని బీటీయూలు పాతదాంట్లో సగం పైన కొంచెం, అంతే. ఇవన్నీ అయ్యాక అదే రాత్రికి ఏసీ తినేది దాదాపు 500 వాట్ అవర్లు తగ్గింది.

నీడ సంగతి అయితే పెద్ద తలనొప్పి. చెట్టు కింద పెడితే మనకి చల్లగా ఉంటుంది, ప్యానెళ్ళకి ఆకలి. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపిన ప్యానెళ్ళ మీద ఒక కొమ్మ నీడ పడ్డా మొత్తం వరసే కుంటుతుంది. అందుకే 200 వాట్ల మడత ప్యానెల్ ఒకటి పొడుగు వైరుతో తీసుకున్నాం, బండి నీడలో, ప్యానెల్ ఎండలో. దాన్ని సూర్యుడి వైపు తిప్పుతూ ఉంటే చిన్నదైనా రోజంతా కలిపి 800 వాట్ అవర్ల దాకా ఇస్తుంది, రోజుకి మూడుసార్లు పోయి తిప్పే డ్యూటీ పాపది. ఊరు మారే రోజు బండి నడుస్తున్నప్పుడు డీసీ టు డీసీ చార్జర్ (ఇంజన్ వైపు కరెంటుని హద్దులో పెట్టి ఈ బ్యాటరీలకి పంపే డబ్బా) ఇంకో 400 వాట్లు పోస్తుంది. ఆ చార్జర్ లేకుండా లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కి (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కలపకండి, బ్యాటరీ అడిగినంతా ఇచ్చి ఇచ్చి ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు.

మొత్తం సెటప్‌లో నాకు ప్రాణమైంది ఏసీ కాదు, దాని పక్క కన్నంలో ఉన్న టాప్ ఫ్యాను. నిజంగా. ఫుల్ మీద 3 ఆంపియర్లు, నెమ్మదిగా పెడితే ఒకటి కూడా లాగదు. పొద్దు వాలాక బయట లోపలికన్నా చల్లబడిందంటే నీడ వైపు ఒక్క కిటికీ కొంచెం తెరిచి ఈ ఫ్యాను బయటికి ఊదేలా పెడతాం, పగలంతా పరుపులూ అల్మరాలూ మింగిన వేడి పోతుంది. ఆ తర్వాతే ఏసీ. నేరుగా ఏసీ వేస్తే మొదటి గంటంతా ఆ పరుపుని చల్లబరచడానికే సరి. పొడి గాలి ఉన్న చోట్లయితే నీళ్ళ కూలర్ కూడా బానే పనిచేస్తుంది, గాలిలో తేమ ఉంటే మాత్రం ఆవిరిగదిలో కూర్చున్నట్టుంటుంది, ఒకసారి తెచ్చుకుని అనుభవించాం.

మిగతా చిన్న చిన్నవి: చప్పుడు తక్కువ మీద ఫర్వాలేదు, ఫుల్లు మీద మాట వినబడదు. బండి కొంచెం వాలుగా ఉంటే ఏసీ నీళ్ళు కిటికీ మీదుగా కారతాయి. ఫిల్టర్ కడగడం సులువే, రెండు క్లిప్పులు. డిస్‌ప్లే నీలి లైటు ఆర్పే బటన్ లేదు, రాత్రంతా మొహం మీద పడుతుంటే నల్ల టేపు ముక్క అంటించాం.

ప్లగ్గు ఉన్న క్యాంపులకే పోయేవాళ్ళు దీని జోలికి రాకండి, పాతదే నయం. ఊరవతల రెండు మూడు రాత్రులు ఉండి పోయేవాళ్ళకి మాత్రం మూడున్నర స్టార్లు ఇస్తున్నాను. పెద్ద కేబుల్ డబ్బాలోనే వచ్చుంటే నాలుగు ఇచ్చేదాన్ని. ఎవరైనా కొత్తగా కొంటే ముందు ఆ కేబుల్ మీద ఎన్ని స్క్వేర్ ఎంఎం అని రాసుందో చూసి నాకూ ఒక మాట చెప్పండి.