పిల్లల బీరువాకు గుడ్డ పెట్టెలు: ఆరు నెలల వాడకం తరువాత

పిల్లల బట్టలు సర్దుకోవడానికని అమ్ముతున్న గుడ్డ పెట్టెల సెట్టు ఒకటి ఆరు నెలల క్రితం కొన్నాను. అందులో మొత్తం ఆరు పెట్టెలున్నాయి: రెండింటిలో చిన్న చిన్న గళ్ళు, రెండింటిలో వెడల్పైన అరలు, మిగిలిన రెండూ లోపల ఏ అడ్డూ లేని పెట్టెలు. ఐదేళ్ళ మా పాప బీరువా కోసం తెప్పించాను కాబట్టి, ఇక్కడ రాస్తున్నదంతా ఆ వయసు పిల్లల బట్టలను దృష్టిలో పెట్టుకున్నదే.

ముందు నా పొరపాటు చెప్పుకోవాలి. పెట్టెలు వచ్చిన రోజునే, బీరువాలో ఉన్నవాటిని ఉన్నట్టుగా తీసి, మడిచి, వాటిలో సర్దేశాను. సాయంత్రానికి ఆరూ నిండిపోయాయి. మంచం మీద ఇంకో పెట్టెడు బట్టలు మిగిలాయి. మరో సెట్టు కొనాలేమోనని కూడా అనుకున్నాను. మర్నాడు ఆ కుప్ప తిరగేస్తే మూడేళ్ళప్పటి గౌన్లు, బొత్తాలు ఊడిన చొక్కాలు, జత లేని సాక్సులు బయటపడ్డాయి. ఇక అన్నీ కింద పోసి, పాపకు ఒక్కొక్కటే తొడిగి చూడక తప్పలేదు. ఈ వయసు పిల్లలు సాధారణంగా ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్ల దాకా పొడుగు సాగుతారు గాని నడుము అంత త్వరగా పెరగదు. అందుకే లాగు నడుము దగ్గర సరిగ్గానే ఉండి, కాళ్ళ దగ్గర మాత్రం మడమల పైకి ఎక్కిపోతుంది, మనమేమో ఇంకా సరిపోతోందనే భ్రమలో దాన్ని మళ్ళీ మళ్ళీ మడిచి లోపల పెడుతుంటాం. తొడిగి చూడడం పూర్తయ్యేసరికి ఇరవై మూడు గౌన్లలో పదకొండు మిగిలాయి, పెట్టెల్లో నాలుగు సరిపోయాయి.

పెట్టెల విషయానికి వస్తే, ఇది నేసిన గుడ్డ కాదు; ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించి తయారుచేసే, చేతిసంచుల్లో కనిపించే రకం. తేలికగా ఉంటుంది, గాలి ఆడుతుంది, అంచుల్లో పోగులు లేవవు. అడుగున జిప్పు ఉంది, అది తీస్తే పెట్టె పలకలా చదునుగా మడుచుకుంటుంది. పక్కలకూ అడుగుకూ లోపల అట్ట పెట్టారు కనుక దీన్ని నీళ్ళలో ముంచి ఉతకడం కుదరదు, తడిగుడ్డతో తుడుచుకోవలసిందే. ఒకసారి పూర్తిగా ఆరని బనీన్లు తొందరపడి సర్దినందుకు ఒక పెట్టె అడుగు అట్ట ఉబ్బి, ఆ తరువాత ఎంత ఆరబెట్టినా వంకర పోలేదు.

వీటితో కలిగిన అసలైన లాభం బట్టలను నిలువుగా నిలబెట్టగలగడం. ఇదివరకు అరలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. పాప అడుగునున్న పసుపు గౌను పట్టి లాగితే పైనున్న దొంతర అంతా నేల మీదికి వచ్చేది. ఇప్పుడు మడతలన్నీ పుస్తకాల వీపుల్లా పైకి కనిపిస్తున్నాయి. పొద్దున్నే వచ్చి వాటి మీద చూపుడు వేలు చివరిదాకా పోనిచ్చి, వెనక్కి తెచ్చి, కావలసిన దాన్ని రెండు వేళ్ళతో తీసుకుంటోంది. మిగతావి కదలడం లేదు. అయితే అర సగం ఖాళీ అయితే మాత్రం మిగిలిన బట్టలతో పాటు అడ్డు గుడ్డ కూడా వాలిపోతుంది.

పెట్టెలను పాప నడుము ఎత్తులో ఉన్న అరలోనే పెట్టాను. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి పిల్లల బడి తెరిచి, బల్లలూ అరలూ పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉండాలని పట్టుబట్టిన నాటినుంచీ ఈ మాట బళ్ళలో వినిపిస్తూనే ఉంది, మన ఇళ్ళలో బీరువాలు మాత్రం పెద్దల భుజాల ఎత్తులోనే ఉండిపోయాయి. కాకపోతే అందే ఎత్తులో పెడితే బట్టలతో పాటు ఇంకేవో కూడా చేరతాయి. సాక్సుల గళ్ళలో ఇప్పటికి నాలుగు గులకరాళ్ళు, ఒక విరిగిన పెన్సిలు దొరికాయి. సెట్టుతో ఇచ్చిన అక్షరాల చీటీలు చదవడం రాని పిల్లకు ఉపయోగపడలేదు, పైగా వారంలోనే ఊడిపోయాయి. వాటి చోట పాప తానే గీసిన సాక్సు బొమ్మ, గౌను బొమ్మ అంటించాం.

గళ్ళ పెట్టెలు లోదుస్తులకూ సాక్సులకూ చక్కగా సరిపోయాయి గాని, వెడల్పు అరల్లో స్వెటర్లు పట్టవు. మందపాటివి కుక్కితే పక్కల అట్ట బయటికి ఉబ్బుతుంది. మూడో వారంలో ఒక అడ్డు గుడ్డ కుట్టు విడిపోయింది. అమ్మినవారికి రాస్తే, అందుకున్న ఏడు రోజుల్లో చెప్పి ఉండవలసిందని జవాబు వచ్చింది. సూదీ దారం తీసుకొని నేనే కుట్టుకున్నాను.

నాకు బొత్తిగా నచ్చనిది, సెట్టుతో పాటు ఒక పొట్లంలో ఉచితంగా పంపిన తెల్లటి ఉండలు. అవి దేనితో చేసినవో పొట్లం మీద ఎక్కడా లేదు. వాసన మాత్రం అచ్చంగా కలరా ఉండల వాసనే. ఆ ఉండల్లో సాధారణంగా ఉండే నాఫ్తలీన్ కడుపులోకి వెళితే ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకైతే ఈ ముప్పు మరీ ఎక్కువ; అటువంటి వాటిని చూడడానికి పిప్పరమెంటులా ఉండే ఆకారంలో, పిల్లల చేతికి అందే పెట్టెలతో కలిపి పంపడం బాధ్యత లేని పని. అసలు బట్టలు కొట్టే పురుగులు ముఖ్యంగా ఉన్ని, పట్టు మీద పడతాయి గాని, ఉతికి బాగా ఆరబెట్టిన నూలు బట్టల జోలికి సాధారణంగా రావు. పొట్లం విప్పకుండానే పారేశాను.

అడ్డులేని పెట్టెలు రెండింటిలో ఒకదాన్ని, ముందుగానే కొన్న పెద్ద సైజు బట్టల కోసం పై అరలో ఉంచాను. రెండోది బీరువా అడుగున ఉంది. ఉతికి ఆరిన బట్టల్లో పొట్టివైనవి మళ్ళీ అరలోకి పోకుండా నేరుగా అందులో పడతాయి. ఈ ఆరు నెలల్లో అది ఒకసారి నిండి, ఖాళీ అయి, మళ్ళీ సగానికి వచ్చింది. విడిగా అమ్మితే ఒక గళ్ళ పెట్టె, ఒక వెడల్పు అరల పెట్టె, రెండు అడ్డులేనివి మాత్రమే తీసుకునేదాన్ని. మిగిలిన రెండూ మొదటి వారం నుంచి చదునుగా మడిచి, బీరువా వెనకే ఉన్నాయి.