పోంగ్ నుంచి హరికే దాకా: బియాస్ వెంట పక్షుల యాత్ర

పక్షుల యాత్రలు నడిపేవారు ఎక్కువగా హిమాచల్‌లోని పోంగ్ జలాశయం చూపించి వెనక్కి తీసుకొచ్చేస్తారు. మేము ఎంచుకున్న యాత్ర అక్కడితో ఆగలేదు. బియాస్ నది వెంట కిందికి దిగి, అది సట్లెజ్‌లో కలిసే చోట, పంజాబ్‌లోని హరికే దగ్గర ముగిసింది. ఖర్చు కాస్త ఎక్కువే. అయినా హైదరాబాదు నుంచి అంత దూరం వెళ్లేవారికి ఇలాంటిదే తీసుకోమంటాను. ఆనకట్ట వెనక నిండిన నీళ్లొక్కటే చూసి వస్తే అంతా బాగానే ఉందనిపిస్తుంది మరి.

పోంగ్ ఆనకట్ట 1974లో పూర్తయింది. 133 మీటర్ల ఎత్తున్న మట్టికట్ట. దాని వెనక నిలిచిన నీటికి హిమాలయాల అవతలి నుంచి బార్ హెడెడ్ గూస్ బాతులు వేల సంఖ్యలో రావడం మొదలైంది. 2002లో దీన్ని రామ్‌సర్ చిత్తడినేలగా, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సిన చోటుగా గుర్తించారు. మేము వెళ్లింది ఫిబ్రవరి చివర. నగ్రోటా సూరియాఁ వైపు నీళ్లు వెనక్కి తగ్గిన నేలలో మోకాలెత్తు కూడా లేని గోధుమ పైరు, అందులో బాతుల గుంపులు. గైడు మమ్మల్ని ఒక గట్టు చాటున కూర్చోబెట్టి, మాట్లాడవద్దని చేత్తోనే సైగ చేశాడు. తెల్లటి తల వెనక రెండు నల్ల చారలు, పసుపు ముక్కు. మెడ పక్కకు తిప్పి పైరు కొసల్ని పుటుక్కుమని తెంపే చప్పుడు కూడా వినిపించింది. దూరంగా నీటి అంచున జక్కవలు, సూదితోక బాతులు.

ఆ పైరు వేయడమే అక్కడ పెద్ద తగాదా. అభయారణ్యంలో సాగు కూడదంటుంది చట్టం. ఒకప్పుడు తమవే అయిన పొలాలు నీళ్లు తగ్గి బయటపడుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటామంటారు ఊరివాళ్లు. 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ వచ్చి ఈ బాతులు వేలల్లో చచ్చిపోయిన సంగతి కూడా గైడే చెప్పాడు. పక్షుల పేర్లు చెప్పి టిక్కులు పెట్టించే రకం కాడతను.

పడవలో బాథూ కీ లడీ గుళ్ల దగ్గరికి వెళ్లాం. ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగే ఉంటాయి. అప్పటికి పైభాగాలు తేలాయి. శ్రీశైలం వెనక నీళ్లలో మన సంగమేశ్వరం ఎలాగో అలాగే. పడవ నడిపిన పెద్దాయన ఒకచోట తెడ్డు ఆపి, కింద తమ ఊరుండేదని చూపించాడు. పోంగ్ నిర్వాసితులకు భూములిస్తామన్నది ఎక్కడో కాదు, ఈ నీళ్లు కాలువల్లో పారి వెళ్లే రాజస్థాన్‌లో. అర్ధశతాబ్దం దాటినా కొందరి సంగతి ఇంకా తేలలేదు.

బస గురించి. జలాశయం పక్కన మేమున్న హోమ్‌స్టే శుభ్రంగా ఉంది, రాజ్మా, పెరుగుతో వండే మద్రా కూర అద్భుతం. వేడినీళ్లు మాత్రం ఒక బకెట్టుతో సరి. తెల్లవారకముందే బయలుదేరాలంటే టీ కూడా ఇవ్వలేమన్నారు. పక్షుల కోసమే వచ్చేవారికి గది ఇస్తూ ఆ మాట అనడం నాకు నచ్చలేదు. దూరాన ఉన్న పక్షుల్ని చూసే స్కోపు నిర్వాహకులు ఇంతమందికీ ఒక్కటే తెచ్చారు, దాని ముందు ఎప్పుడూ వరసే. సొంత బైనాక్యులర్లు తప్పనిసరి. ఆనకట్ట దగ్గర కాపలావాళ్లు కెమెరాలు లోపల పెట్టించారు.

దిగువన కథ వేరు. నీళ్లెప్పుడు వదలాలో సాగు, కరెంటు అవసరాలు నిర్ణయిస్తాయి, నదికి సొంత రుతువు లేదు. ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే టెర్న్ వంటి పక్షులకు ఎండాకాలంలో ఒక్కసారిగా నీళ్లు వస్తే గూళ్లు పోయినట్టే. కొండల వైపు ఈదే మహసీర్ చేపకు దారి కట్ట దగ్గరే ఆగిపోయింది. ఇక 2023 ఆగస్టులో జలాశయం నిండిపోయి గేట్లెత్తితే కింది ఊళ్లు మునిగాయి. అదే బియాస్‌లో సింధు డాల్ఫిన్లు ఉన్నాయని 2007లో తెలిసింది. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. మాకు కనిపించలేదు. కనిపిస్తాయని హామీ ఇచ్చే ఏజెన్సీని నమ్మవద్దు.

హరికే బ్యారేజీ 1952 నాటిది. సంగమం దగ్గర పడవ దిగకుండానే తేడా తెలుస్తుంది. బియాస్ వైపు నీరు కాస్త తేట, లుధియానా మురుగు కలిసిన సట్లెజ్ వైపు నలుపు. గుర్రపుడెక్క పరుచుకున్న చోట పడవవాడు వెదురుగడతో తోసుకుంటూ దారి చేశాడు. రెల్లు పొదల్లో పక్షులు పోంగ్‌లో కంటే రకరకాలు. కానీ మాకు ఇచ్చింది ఒక్క పూటే. కార్యక్రమం వేసినవారు పోంగ్‌కు ఇచ్చిన సమయంలో కొంత ఇటు మార్చాలి.

బుక్ చేసేముందు హరికేకు అటవీశాఖ అనుమతి ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి. బస అమృత్‌సర్‌లోనే పెట్టుకోవడం మేలు, గంటన్నర ప్రయాణం. మార్చి రెండో వారం దాటితే పోంగ్‌లో బాతులు పలచబడతాయి, గుళ్లు మాత్రం అప్పుడే బాగా బయటపడతాయి. రెండూ కావాలంటే ఫిబ్రవరి ఆఖరు వారమే పట్టండి.