ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్: కొన్నేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ కింది అంతస్తు హాల్లోకి వస్తుంది. నా పని గది, పిల్లల కంప్యూటర్, టీవీ మాత్రం పై అంతస్తులో ఉన్నాయి. మధ్యలో స్లాబు ఉండటంతో 5 గిగాహెర్ట్జ్ వైఫై మెట్ల దగ్గరే నీరసించేది, 2.4 గిగాహెర్ట్జ్ పైదాకా చేరినా, చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే బ్యాండులో పనిచేస్తుండటం వల్ల వీడియో కాల్ నిలకడగా సాగేది కాదు. అందుకే రౌటర్ నుంచి పైకి ఈథర్నెట్ కేబుల్ లాగించి, దాని చివర, ఒక కేబుల్ కనెక్షన్‌ను పలు పరికరాలకు పంచే టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108 స్విచ్ పెట్టించాను. కొన్నేళ్లుగా అది రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంది. లోహపు డబ్బా, ఫ్యాను లేదు కాబట్టి చప్పుడూ లేదు, సెట్టింగులు చేసే పని అంతకన్నా లేదు.

కొనబోయేవారు ఒక తేడా గ్రహించాలి. ఫైబర్‌లో వచ్చే కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది ఓఎన్‌టీ అనే పరికరం. ఇంట్లోని పరికరాలకు సాధారణంగా 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రసులిచ్చి, అన్నిటినీ ఒకే కనెక్షన్ మీద ఇంటర్నెట్‌కు కలిపేది రౌటర్. మన దగ్గర చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. స్విచ్ ఈ పనులేవీ చేయదు. ఏ పోర్టు వైపు ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఉందో వచ్చే డేటాను బట్టి గుర్తుపెట్టుకొని, ఎవరికి చేరవలసినది వారికే పంపుతుంది.

ఇక అసలు సంగతి కేబుల్. మాది 300 ఎంబీపీఎస్ ప్లాను. మొదట్లో బాగానే ఉన్నా, కొన్ని నెలలకు పై అంతస్తులో వేగం 95 దాటడం మానేసింది. రౌటర్ మార్చమని సలహాలు వచ్చాయి. కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాల్లో లింక్ స్పీడ్ 1000 అనే ఉంది, అంటే అక్కడినుంచి స్విచ్ వరకు లోపమేమీ లేదు. స్విచ్‌లో ఉన్న పొడవాటి కేబుల్ కొసను తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టగానే 100 అని చూపించింది. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందువల్ల ఒక తీగ తెగినా కనెక్షన్ పోకుండా, వేగం మాత్రం పడిపోవచ్చు. కనెక్టర్ కోసి చూస్తే నీలం తీగ విరిగి ఉంది, బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడింది. రాగి పూసిన ఇలాంటి తీగ చవకే, కానీ వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది. దాని స్థానంలో పూర్తి రాగి క్యాట్6 రకం కేబుల్ వేయించి, రెండు కొసలా రంగుల వరుస ఒకేలా ఉండేట్టు కనెక్టర్లు కొట్టించాక వేగం మళ్లీ తగ్గలేదు. గోడలోపల వేసే తీగకు డబ్బు వెనుకాడకండి. స్విచ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, తీగ మార్చాలంటే పైపులోంచి మొత్తం లాగాలి.

ఈ స్విచ్‌కు పరిమితులున్నాయి. కేబుల్ ద్వారానే కరెంటు అందుకునే సీసీ కెమెరాలకు ఇది పనికిరాదు, వాటికి అలా కరెంటు పంపే పీఓఈ సౌకర్యం ఉన్న స్విచ్ తీసుకోవాలి. ఆఫీసులో విభాగాలవారీగా నెట్‌వర్క్‌ను వేరుచేయాలనుకునేవారికీ ఇది చాలదు. ఇళ్లకు, చిన్న దుకాణాలకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

కరెంటు పోయినప్పుడు రౌటర్ ఒక్కటే మినీ యూపీఎస్ మీద ఉంటే పై అంతస్తుకు ఇంటర్నెట్ అందదు కాబట్టి, స్విచ్‌కూ బ్యాకప్ పెట్టుకోవాలి. అయితే దాని అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూసి, అంతే ఇచ్చే యూపీఎస్ పోర్టుకే కలపాలి.