జాగ్రత్త: ‘బ్రాండ్ కలర్స్’ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా షాపు తెరిచేవాళ్లకీ, కారం, మసాలా పొళ్ల బ్రాండ్ మొదలుపెట్టేవాళ్లకీ లోగోతో పాటు ‘కలర్ ప్యాలెట్’ అని ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. చివరికి చేతికొచ్చేది వాట్సాప్‌లో ఒక జేపెగ్ బొమ్మ. ఐదు రంగుల గళ్లు, వాటి కింద అందమైన పేర్లు, అంతే. డబ్బు మొత్తం కట్టాక వెబ్‌సైట్‌లో ఒక ఎరుపు, ఫ్లెక్స్ మీద ఇంకో ఎరుపు, పౌచ్ మీద మూడో ఎరుపు తేలుతుంది. ప్రింటింగ్ తప్పని డిజైనరు అంటాడు, ఫైలే అలా వచ్చిందని ప్రెస్సువాళ్లు అంటారు. మళ్లీ ప్రింటు ఖర్చు పడేది కొన్నవాళ్ల నెత్తిన.

గుంటూరులో ఒక కారం బ్రాండ్‌కి ఇచ్చిన ప్యాలెట్‌ని దగ్గరగా చూడండి. పండుమిరప ఎరుపు, తొడిమ ఆకుపచ్చ, పసుపు, తెలుపు, బూడిద. ఫోన్లో ముచ్చటగానే ఉంది. ఎరుపు కోడ్ (స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల పాళ్లు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా; దీన్నే ఆర్‌జీబీ అంటారు) 183, 28, 28; ఆకుపచ్చది 46, 125, 50. వెబ్‌లో మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ పేజీలు అందరికీ చదవను వీలుగా ఉండేందుకు పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం. 18 పాయింట్ల నుంచి, బోల్డయితే 14 నుంచి పైనున్న అక్షరాలకి 3:1 చాలు. ఈ ఎరుపు మీద తెల్ల అక్షరం 6.57:1, బాగుంది. అదే ఎరుపు మీద ఈ ఆకుపచ్చతో పేరు రాస్తే 1.28:1. రెండు రంగులూ వేరే అయినా వెలుగు దాదాపు ఒకటే కాబట్టి అక్షరం కలిసిపోతుంది. బిల్లు బుక్కుని జిరాక్స్ తీసి చూడండి, రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపున్నవాళ్లకీ ఇదే ఇబ్బంది. పసుపు (244, 180, 0) మీద తెల్లగా ‘ఇప్పుడే కొనండి’ బటన్ పెట్టారు, అది 1.85:1. నల్ల అక్షరం పెడితే 11 దాటుతుంది. బూడిద 119, 119, 119 తెలుపు మీద 4.48, వెంట్రుకవాసిలో తప్పింది. 118 చేస్తే 4.54తో గట్టెక్కేది. డబ్బు తీసుకుని రంగులు ఎంచినవాళ్లు ఈ లెక్క చూడకపోవడం క్షమించరానిది. వెబ్ఎయిమ్ కాంట్రాస్ట్ చెకర్ ఉచితం, రెండు కోడ్‌లు వేస్తే చాలు.

జేపెగ్ నుంచి డ్రాపర్‌తో (బొమ్మలో ఒక చుక్క మీద నొక్కితే దాని కోడ్ చెప్పే పరికరం) రంగు తీసుకోవచ్చని చెబితే ఒప్పుకోకండి. కంప్రెస్ అయిన బొమ్మలో ఒకే గడిలో పక్కపక్క చుక్కలకే కోడ్ మారిపోవచ్చు, గడి అంచున మరీ ఎక్కువ. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మళ్లీ నలుగుతుంది. ఫైలు తీసుకుంటే డాక్యుమెంట్‌గానే తీసుకోండి.

అసలు దెబ్బ ప్రింటులో తగులుతుంది. స్క్రీన్ రంగు వెలుగు, ప్రింటు రంగు ఇంకు. మెరిసే నీలం, చిలకపచ్చ, నారింజ ప్రెస్సు నాలుగు ఇంకుల్లో (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు; కలిపి సీఎంవైకే) ఆ మెరుపుతో రావు. స్క్రీన్ మీది నిండు నీలం (0, 0, 255) సీఎంవైకేలోకి మార్చితే సయాన్, మెజెంటా దాదాపు సమానమై ఊదాగా దిగుతుంది; మెజెంటా సయాన్ కన్నా కనీసం 30 శాతం తక్కువ ఉంటేనే నీలం నీలంగా నిలుస్తుంది. నలుపుది ఇంకో బాధ. ఆర్‌జీబీ నలుపుని అలాగే మార్చితే నాలుగు ఇంకులూ కలుస్తాయి. ప్రింటులో రిజిస్ట్రేషన్, అంటే ఇంకులు ఒకదాని మీద ఒకటి పడే చోటు, కొంచెం జరిగినా ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార లైసెన్సు 14 అంకెల నంబరు చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి. చిన్న అక్షరాలకి కే 100, అంటే నల్ల ఇంకు నూరు శాతం, ఒక్కటే ఉండాలి.

పౌచ్ వేయించేవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. పౌచ్ ఫిల్మ్ ప్రింటు చేసే గ్రేవ్యూర్ పద్ధతిలో ఒక్కో ఇంకుకి ఒక్కో సిలిండర్ చెక్కుతారు. చెక్కాక రంగు నచ్చలేదంటే కొత్త సిలిండరే. ప్యాలెట్‌లో ప్రతి రంగునీ స్పాట్ కలర్ (ముందే కలిపిన విడి ఇంకు) చేసుకుంటూ పోతే సిలిండర్లు పెరుగుతాయి. తెలుపుకీ ఒక సిలిండర్ కావాలి, ఈ మాట చాలామంది చెప్పరు. వెండి ఫిల్మ్ మీద అడుగున తెలుపు లేకుండా కొడితే ఎరుపు మసకబారి రేకు మెరుపులో కలుస్తుంది. పారదర్శక ఫిల్మ్ మీదైతే లోపలి కారం రంగు పైకి కనబడుతుంది. ఆకుపచ్చ పట్టీ మీద శాకాహార గుర్తు పెట్టినా తప్పే, ఆ గుర్తు వెనక విరుద్ధమైన రంగు ఉండాలి.

ఇక ఫ్లెక్స్. మన ఎండకి మెజెంటా, పసుపు ముందు వెలుస్తాయి, సయాన్, నలుపు మిగులుతాయి. బందరు రోడ్డులో పాత బోర్డులు నీలంగా తేలేది అందుకే. ఎరుపు ప్రధానంగా ఉన్న బ్రాండ్ ఏడాది పొడవునా బయట ఉండే బోర్డుకి ఫ్లెక్స్‌ని నమ్ముకోకూడదు, ఎర్ర యాక్రిలిక్ అక్షరాలే మేలు.

అడ్వాన్స్ ఇచ్చే రోజే కొటేషన్‌లో ఇవి రాయించుకోండి: ప్రతి రంగుకీ హెక్స్ కోడ్ (వెబ్‌లో వాడే ఆరు అక్షరాల కోడ్), ఆర్‌జీబీ, సీఎంవైకే అంకెలు, పౌచ్ ఉంటే పాంటోన్ నంబరు (ఇంకు రంగుల ప్రామాణిక నంబరు), చివర సీ ఉందా యూ ఉందా అన్నదాంతో సహా. సీ ఆర్ట్ పేపర్ లాంటి కోటెడ్ కాగితానికి, యూ మ్యాప్‌లితో లాంటి కోటింగ్ లేని కాగితానికి. ఏ రంగు మీద ఏ రంగు అక్షరం వాడొచ్చో, ఏది కూడదో కాంట్రాస్ట్ అంకెలతో పట్టిక. లోగో ఇలస్ట్రేటర్ (ఏఐ) లేదా కోరల్‌డ్రా (సీడీఆర్) ఫైలు, వెబ్‌కి ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ ఫైలు. వీటితో పాటు మీరు నిజంగా వాడబోయే కాగితం మీద, లామినేషన్‌తో కలిపి ఒక ప్రూఫ్ (నమూనా ప్రింటు). మ్యాట్ లామినేషన్ రంగుని కొంచెం చప్పబరుస్తుంది, మెరిసే గ్లాసీ లామినేషన్ ముదురు చేస్తుంది, కాబట్టి లామినేషన్ లేని ప్రూఫ్ చూసి సరే అనకండి. ప్రూఫ్‌ని ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుగులో, గుమ్మం దగ్గర నీడలో చూడండి. ఫోన్లో రంగుల్ని మార్చేసే వివిడ్ మోడ్, నైట్ లైట్ రెండూ ఆపాకే పోల్చండి.

ఇప్పటికే డబ్బు కట్టి జేపెగ్ ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు గడి మధ్యలోంచి ఒక కోడ్ తీసి దాన్నే ఖాయం చేసుకోండి. దాన్ని కోరల్‌డ్రాలోనో ఇలస్ట్రేటర్‌లోనో పెట్టి, సీఎంవైకే అంకెలు ఐదు ఐదు శాతం మార్చి చిన్న చిన్న గళ్లుగా ఒకే షీటు మీద కొట్టించండి. నచ్చిన గడి పక్కన అంకెలు రాసి, ప్రెస్సువాళ్ల సంతకం తీసుకుని ఒక ముక్క మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి. తర్వాతి ఆర్డరుకి ఫోన్లో బొమ్మ కాదు, ఆ ముక్కే చూపించండి.