బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

2018 నుంచి నేను వాడుతున్నది ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన ఒక బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డు. దాని గురించి ఎవరైనా అడిగితే స్లాట్లు, పోర్టుల లెక్కలు చెప్పను. వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కనున్న బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ గురించే చెబుతాను. బయోస్ అంటే సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్; దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి కొత్తగా రాసేది ఈ బటన్. కొన్నప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరికి బోర్డు ఎంచి పెట్టాలన్నా ముందు చూసేది అదే.

మొదట్లో ఇందులో రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉండేది. తర్వాత రైజెన్ 7 5800ఎక్స్3డీకి మారాను. రెండూ ఏఎం4 సాకెట్‌వే, అంటే ప్రాసెసర్ పెట్టే చోటు ఒకటే, పిన్నులు చక్కగా కూర్చుంటాయి. కానీ బోర్డులో ఉన్న బయోస్ ఆ ప్రాసెసర్ రాకముందుది, కాబట్టి దాన్ని గుర్తుపట్టదు. అసలు బీ450 లాంటి 400 సిరీస్ చిప్‌సెట్లకు రైజెన్ 5000 (నా 5800ఎక్స్3డీ ఈ సిరీస్‌దే) సపోర్ట్ ఉండదని ఏఎండీ 2020 మేలో ప్రకటించింది. జనం గట్టిగా అడిగాక అదే నెలలో మాట మార్చుకుంది. మార్చుకోకపోయి ఉంటే నా బోర్డు ఎప్పుడో మూలకు చేరేది.

చిక్కంతా ఎక్కడంటే, మామూలు పద్ధతిలో బయోస్ అప్‌డేట్ చేయాలంటే సిస్టమ్ ఆన్ కావాలి. ఆన్ కావాలంటే పాత ప్రాసెసర్ కావాలి. నా 2600 అప్పటికే తమ్ముడి సిస్టమ్‌లోకి వెళ్లిపోయింది. ఆ బటన్ అక్కరకొచ్చింది ఇక్కడే. దీనికోసం బోర్డు మీద విడిగా ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఏవీ లేకపోయినా ఫర్వాలేదు. పవర్ సప్లై వైర్లు బోర్డుకు తగిలించి, దాని వెనక స్విచ్ ఆన్‌లో ఉంచితే చాలు, పెన్‌డ్రైవ్‌లోని ఫైలును చదివి బయోస్ చిప్‌లో రాసేస్తుంది.

కంపెనీ సైట్‌లో నా బోర్డు పేజీకెళ్లి, ప్రాసెసర్ సపోర్ట్ జాబితాలో 5800ఎక్స్3డీకి ఎదురుగా ఏ వెర్షన్ రాసి ఉందో చూసి, దానికన్నా కొత్తది దించుకున్నాను. జిప్‌లోంచి ఫైలు బయటికి తీసి, మాన్యువల్‌లో ఇచ్చిన పేరు అక్షరం పొల్లుపోకుండా పెట్టాను. ఈ పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఎక్స్‌టెన్షన్‌తో సహా సరిగ్గా ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, గుర్తు వేసి ఉన్న పోర్టులోనే పెట్టి బటన్ నొక్కాను. లైట్ కాసేపు మిణుకుమిణుకుమని ఆగిపోయింది. అంతే, ఇంకేమీ జరగలేదు.

నా కోపం బోర్డు మీద కాదు, దాని మాన్యువల్ మీద. లైట్ ఎలా వెలిగితే ఏమర్థమో అందులో ఒక్క ముక్క లేదు. ఫైలు దొరకలేదా, పెన్‌డ్రైవ్ నచ్చలేదా, పని అయిపోయిందా, ఏదీ తెలియదు. ఇంత మంచి సౌకర్యం ఇచ్చి, దాన్ని వాడే మనిషిని చీకట్లో వదిలేయడం అన్యాయం. చివరికి డ్రాయర్‌లో పడి ఉన్న పాత 8 జీబీ యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్‌ను ఒకే పార్టిషన్‌తో ఫార్మాట్ చేసి పెడితే మారు మాట్లాడకుండా తీసుకుంది. అంతకుముందు పెట్టిన 64 జీబీ డ్రైవ్‌లో ఏ దోషమూ లేదు, మిగతా చోట్లన్నీ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈసారి లైట్ ఆగకుండా వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆ కొద్ది నిమిషాలు టెన్షన్ మామూలుగా లేదు, స్విచ్ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. లైట్ పూర్తిగా ఆరాక పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. కొత్త బయోస్ మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకునేటప్పుడు ఇలా ఆలస్యం అవుతుంది, కంగారుపడి ఆఫ్ చేయకూడదు. కాసేపటికి తెల్ల అక్షరాలు కనబడ్డాయి: కొత్త ప్రాసెసర్ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (రహస్య కీలు దాచే భద్రతా భాగం) రీసెట్ చేయాలంటే వై, వద్దంటే ఎన్ నొక్కమని. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉండి రికవరీ కీ చేతిలో లేకపోతే అక్కడ వై నొక్కకండి. నొక్కితే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. నా కీ ముందే కాగితం మీద రాసి ఉంది కాబట్టి ధైర్యంగా నొక్కాను.

విండోస్ వచ్చాక నా ఆనందం అంతా ఇంతా కాదు. తెలిసినవాళ్లందరికీ "బటన్ నొక్కితే చాలు" అని చెప్పాను. ఇన్నాళ్లు వాడాక ఆ మాటకు కొన్ని కలపాలి. ఫ్లాష్ చేస్తే, అంటే బయోస్ కొత్తగా రాస్తే, సెట్టింగులన్నీ పోతాయి. నా ర్యామ్ వేగం 3200 నుంచి 2133కి పడిపోయింది, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) మళ్లీ పెట్టేదాకా అలాగే నడిచింది. ఫ్యాన్లు మోత మొదలుపెట్టాయి. వర్చువలైజేషన్ ఆఫ్ అయి వర్చువల్ మెషీన్లు (సిస్టమ్ లోపలే నడిచే ఇంకో సిస్టమ్‌లు) తెరుచుకోలేదు. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రొఫైల్ కొత్త దాంట్లో లోడ్ కాదు, కాబట్టి ముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం మేలు. నా బోర్డులో బయోస్ చిప్ 16 ఎంబీయే. కొత్త ప్రాసెసర్లకు చోటు చేయడానికి అందమైన పాత మెనూ తీసేసి ఒక సాదా మెనూ పెట్టారు. అది నాకు నేటికీ నచ్చలేదు.

ఇంకో అప్‌డేట్ మాత్రం మనస్ఫూర్తిగా చేశాను. రైజెన్ సిస్టమ్‌లు కొన్ని ఎఫ్‌టీపీఎం వల్ల ఉన్నట్టుండి క్షణం పాటు నత్తినత్తిగా ఆగుతాయని 2022లో ఏఎండీయే ఒప్పుకుంది. అజీసా (బయోస్‌లో ఉండే ఏఎండీ కోడ్) 1.2.0.7తో వచ్చిన బయోస్ దాన్ని సరిచేసింది. నా సిస్టమ్‌లో పాటల మధ్య వినిపించే ఆ తడబాటు ఆ తర్వాత లేదు. ఆ అప్‌డేట్‌ను బటన్‌తో కాకుండా బయోస్ లోపలి టూల్‌తోనే, యూపీఎస్ మీద పెట్టి చేశాను. మధ్యలో ఏదైనా తేడా వచ్చినా బటన్‌తో మళ్లీ రాయొచ్చన్న ధీమా ఉంది. అది లేని బోర్డులో సగం రాసి ఆగిపోతే, చిప్‌కు క్లిప్ తగిలించి ప్రోగ్రామర్ అనే పరికరంతో రాయించుకోవాల్సి రావచ్చు.

పాత ప్రాసెసర్ ఇంకా మీ దగ్గరే ఉంటే ఈ బటన్ కోసం అదనంగా ఖర్చు పెట్టమని చెప్పను, దాన్ని తీయకముందే లోపలి టూల్‌తో అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. అన్నీ సవ్యంగా నడుస్తుంటే కొత్త వెర్షన్ వచ్చిందని వెంటపడనూ అక్కర్లేదు. నాలా ఒకే బోర్డు మీద ఏళ్ల తరబడి ప్రాసెసర్లు మార్చే అలవాటుంటే మాత్రం బటన్ ఉన్న బోర్డే తీసుకోండి, ఆ బోర్డు ఒప్పుకున్న చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి దాని పెట్టెలోనే దాచి ఉంచండి.